క్వహాదా, ఫ్రెస్కో, సెకో, దూరో: సెంట్రల్ అమెరికాలో విరిచి పొడిచేసుకునే చీజ్‌లలో ఏ వంటకి ఏది కొనాలి

పుపూసా (లోపల చీజ్ పెట్టి కాల్చే మొక్కజొన్న రొట్టె) చేద్దామనో, బలెయాదా (బీన్స్, చీజ్ వేసి మడిచిన మైదా రొట్టె) చేద్దామనో రెసిపీ తెరిస్తే అందులో "కేసో", అంటే స్పానిష్‌లో చీజ్, అని ఒక్క మాట రాసేసి వదిలేస్తారు. తీరా షాపుకి వెళ్తే అన్నీ తెల్లగా ఒకేలా ఉన్న ముక్కలు వరసగా పేర్చి ఉంటాయి, ఏది తీసుకోవాలో అర్థం కాదు. వర్జీనియా, మేరీలాండ్, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ వైపు ఉండే మనవాళ్ళకి ఎల్ సాల్వడోర్, హోండురాస్ వాళ్ళ కిరాణా షాపులు దగ్గర్లోనే ఉంటాయి. అక్కడ ఈ చీజ్ మంచిది, తాజాది దొరుకుతుంది కూడా, కానీ ఒకదాని బదులు ఇంకోటి తెచ్చేస్తే వంట మొత్తం మారిపోతుంది. ఉప్పు కషాయం అయినా అవుతుంది, లేదా చప్పగా నీళ్ళు ఓడుతూ అయినా ఉంటుంది.

నేను చెప్పేది ఒక్కటే, ముందు వంట ఏంటో డిసైడ్ చేసుకోండి, ఆ తర్వాత ఆ చీజ్‌లో తడి ఎంత, ఉప్పు ఎంత చూసి కొనండి. పేరు దేశానికో రకంగా మారుతుంది కానీ ఈ రెండూ ఎక్కడికెళ్ళినా ఒకేలా పనిచేస్తాయి.

కొనేముందు చూడాల్సినవి

మొదటిది తడి. వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయి చెమ్మ అంటుకుంటే అది వేడి టోర్టియా (అక్కడి పల్చటి రొట్టె) మీద అలాగే పెట్టుకుని తినే రకం. గట్టిగా ఉండి గోరుతో గీకితే పొడి రాలితే అది పైన జల్లుకునే రకం. మధ్యలో స్పాంజిలా కొంచెం సాగి వెనక్కి వచ్చే రకం ఉంటుంది, అది వేయించుకోడానికీ పనికొస్తుంది, తురుముకోడానికీ పనికొస్తుంది.

రెండోది ఉప్పు. సెంట్రల్ అమెరికాలో స్పానిష్ వాళ్ళు 16వ శతాబ్దంలో ఆవుల్ని తెచ్చేదాకా పాలు, చీజ్ అనేవే లేవు. తర్వాత పశువుల్ని పెంచింది ఎక్కువగా వేడి ప్రాంతాల్లో. ఫ్రిజ్ లేని ఆ ఎండల్లో పాలు నిలవ ఉండాలంటే చీజ్ చేసి ఉప్పు గట్టిగా దట్టించి ఆరబెట్టడమే దారి. అందుకే అక్కడి నిలవ చీజ్‌లు అంత ఉప్పగా ఉంటాయి, అందుకే వాటిని ముక్కలుగా కొరుక్కు తినకుండా చప్పటి మొక్కజొన్న టోర్టియా మీద, ఉడికించిన బీన్స్ మీద కొంచెం కొంచెం జల్లుకుంటారు. ఇది గుర్తుంటే సగం తప్పులు జరగవు. ఎండు చీజ్ వేసే వంటలో ముందు అసలు ఉప్పు వెయ్యకండి, చీజ్ పడ్డాక రుచి చూసి అప్పుడు ఆలోచించండి.

మూడోది, కరుగుతుందా లేదా. చాలామంది "చీజ్ కదా, పెనం మీద కరిగి సాగుతుంది" అనుకుంటారు, ఈ విరిచి పొడిచేసుకునే రకాలు ఏవీ సాగవు. పాలల్లో రెన్నెట్ (పాలని గడ్డకట్టించే ఎంజైమ్) వేసి పులవకముందే నీళ్ళు వడగట్టేస్తే అందులో కాల్షియం ప్రొటీన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఎంత వేడి చేసినా మెత్తబడి ఎర్రగా వేగుతుంది కానీ తీగలు రాదు. అదే పెరుగుముద్దని కాసేపు పులవనిచ్చి, ఆమ్లం పెరిగాక వేడినీళ్ళలో సాగదీస్తే సాగే చీజ్ వస్తుంది. మన పనీర్ కూడా కరగదు కానీ కారణం కొంచెం వేరు, అది మరిగే పాలల్లో నిమ్మరసం పిండి విరగ్గొట్టినది.

నాలుగోది శాకాహారుల కోసం. పాతకాలం పద్ధతిలో రెన్నెట్ అంటే దూడ కడుపులోంచి తీసేదే. ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చేవాటిలో చాలావరకు మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసే) రెన్నెట్ వాడుతున్నారు కానీ అన్నిట్లో కాదు. ఇంగ్రీడియెంట్స్‌లో ఉత్తి "ఎంజైమ్స్" అని ఉంటే ఏదైనా అయ్యుండొచ్చు, పట్టింపు ఉన్నవాళ్ళు "మైక్రోబియల్" లేదా "వెజిటబుల్" అని స్పష్టంగా రాసినదే తీసుకోండి. కౌంటర్‌లో కోసి ఇచ్చేదానికి లేబుల్ ఉండదు, పెద్ద దిమ్మ మీద ఉండే స్టిక్కర్ చూపించమని అడిగితే చూపిస్తారు.

ఇక అన్నీ ఒకచోట చూసుకోవాలంటే ఇదిగో, వంటల పేర్లు కొత్తగా ఉంటే కింద ఒక్కోటి చెప్పాను:

| రకం | తడి | ఉప్పు | వేడి తగిలితే | ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళు | ఎందుకు కొనాలి |
|---|---|---|---|---|---|
| క్వహాదా | చాలా ఎక్కువ | తక్కువ | మెత్తబడుతుంది, నీళ్ళు వదుల్తుంది | రెండు మూడు రోజులు | వేడి టోర్టియా, గ్వీరీలా, గాయో పింతో పక్కన |
| కేసో ఫ్రెస్కో, తురియాల్బా | ఎక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | మెత్తబడుతుంది, కరగదు | తెరిచాక వారం లోపు | సలాడ్, బీన్స్, పెనం మీద రొట్టెలు |
| దూరో బ్లాందో | మధ్యస్థం | ఎక్కువ | ఎర్రగా వేగుతుంది | కొన్ని వారాలు | బీన్స్, వేయించిన అరటి, పుపూసాలో కొంచెం |
| కేసో సెకో | తక్కువ | ఎక్కువ | పొడిగానే ఉంటుంది | కొన్ని వారాలు | బలెయాదా, తోస్తాదా, కర్రపెండలం బూరెలు |
| దూరో వియెహో | చాలా తక్కువ | చాలా ఎక్కువ | పిండిలో కలిసిపోతుంది | నెలల తరబడి | కెసదీయా కేక్, ఎలోతె లోకో |

క్వహాదా: ఆ రోజే తినేది

నికరాగువా, హోండురాస్ పల్లెల్లో ఇంటి చీజ్ అంటే ఇదే. పొద్దున్నే పితికిన గోరువెచ్చని పాలల్లో రెన్నెట్ వేస్తే అరగంట ముప్పావుగంటలో గడ్డ కడుతుంది, దాన్ని చేత్తో విరిచి, నీళ్ళు వడగట్టి, ఉప్పు వేసి రాతి మీద మెత్తగా నూరి, అరచేతుల మధ్య అదిమి ఉండలు చేస్తారు. మంచి క్వహాదా ఉండ మీద వేళ్ళ ముద్రలు కనబడుతూ ఉంటాయి, విరిస్తే లోపల చిన్న చిన్న గింజల్లా ఉండి నాలుక మీద కొంచెం తీపిగా, పాల వాసనతో కరిగిపోతుంది.

దీన్ని ఎక్కువ వండకండి, వండితే దాని ప్రాణం పోతుంది. నికరాగువాలో మతగల్పా, హినోతెగా వైపు లేత మొక్కజొన్నని రుబ్బి అరటాకు మీద పరిచి కాల్చే తియ్యటి రొట్టె ఉంటుంది, గ్వీరీలా అంటారు. దాని మధ్యలో ఈ క్వహాదా ముక్క పెట్టి మడిచి ఇస్తారు, రొట్టె తీపి, చీజ్ చిరు ఉప్పు, అంతే, ఇంకేం అక్కర్లేదు. పొద్దున టిఫిన్‌కి గాయో పింతో, అంటే ఎర్ర బీన్స్‌తో కలిపి వేయించిన అన్నం పక్కన కూడా ఇదే పెడతారు. అన్నం తినే మనవాళ్ళకి సెంట్రల్ అమెరికా వంట పరిచయం కావాలంటే నేనైతే ఇక్కడ్నించే మొదలుపెట్టమంటాను.

ఇబ్బంది ఏంటంటే నిలవ ఉండదు. రెండో రోజుకి నీళ్ళు వదుల్తుంది, మూడో రోజుకి పులుపు తిరుగుతుంది. అప్పుడు పారెయ్యకుండా మొక్కజొన్న పిండిలో కలిపేసి కాల్చేసుకోవచ్చు. రోస్కీయాలు అని గుండ్రంగా మన చేగోడీల్లా ఉంటాయి, నానబెట్టి రుబ్బిన మొక్కజొన్న ముద్దలో ఈ క్వహాదానో ఎండు చీజో కలిపి మట్టి ఓవెన్‌లో కరకరలాడేదాకా కాలుస్తారు. నికరాగువాలో సొమోతో, హోండురాస్‌లో సబానాగ్రాందె ఊళ్ళు వీటికి ఫేమస్. కాఫీలో ముంచుకుని తింటారు. అదే పిండితో బిళ్ళలు చేసి మధ్యలో బెల్లం పెట్టి కాల్చేవి కూడా ఉన్నాయి, అవి ఇంకా బాగుంటాయి.

కేసో ఫ్రెస్కో, తురియాల్బా: అందరికీ సరిపోయేది, దేనికీ బెస్ట్ కానిది

అమెరికాలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా దొరికేది ఫ్రెస్కోనే, అందుకే అందరూ దీన్నే కొంటారు. ఉప్పు తక్కువ, వాసన లేదు, పిల్లలు తింటారు. కానీ సూపర్ మార్కెట్ ప్యాకెట్లలో ఎక్కువ భాగం మెక్సికన్ పద్ధతిలో చేసినవి, మెత్తగా, చప్పగా ఉంటాయి. బలెయాదా లాంటి వాటిలో జల్లితే బీన్స్ తడిలో కలిసిపోయి అసలు చీజ్ వేశామా అనిపిస్తుంది.

ఇందులో ప్రత్యేకంగా చెప్పాల్సింది కోస్టారికా వాళ్ళ తురియాల్బా చీజ్. తురియాల్బా అగ్నిపర్వతం వాలుల్లో, సాంతా క్రూస్ చుట్టుపక్కల చిన్న డెయిరీల్లో చేస్తారు, 2012లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మన తిరుపతి లడ్డూకి జీఐ ఉన్నట్టు. మామూలు ఫ్రెస్కో కంటే కొంచెం గట్టిగా, కోస్తే నీట్‌గా తెగుతూ ఉంటుంది. మొక్కజొన్న పిండిలో తురిమి కలిపి చేత్తో తట్టి పెనం మీద కాల్చే టోర్టియాకి ఇది చాలా బాగుంటుంది, రొట్టె లోపల అక్కడక్కడా మెత్తగా తగుల్తూ, పెనానికి తగిలిన చోట ఎర్రగా మారి. లేత మొక్కజొన్నతో చేసే చొర్రెయాదా అట్ల మీద కూడా పుల్లటి క్రీమ్‌తో పాటు ఇదే పెట్టుకుంటారు. కోస్టారికా వెళ్ళినవాళ్ళు మిస్ అవ్వకండి, బయట దేశాల్లో మాత్రం ఇది దొరకడం కష్టం.

ఒక జాగ్రత్త, ఇది క్వహాదాకి కూడా వర్తిస్తుంది, ఇంట్లో గర్భిణులు ఉంటే తప్పకుండా చదవండి. తడి ఎక్కువగా, ఉప్పు తక్కువగా ఉండే చీజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇలాంటి తాజా చీజ్ వల్లే ఎంతోమంది గర్భిణులు, పసిపిల్లలు దాని బారిన పడ్డారు. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినా తయారీలో తర్వాత కలుషితమయ్యే అవకాశం ఉంది కాబట్టి గర్భిణులు ఈ రకాల్ని పచ్చిగా తినొద్దని, తినాలంటే 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి తినమని అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ళ సలహా. ఎవరో ఊరి నుంచి తెచ్చారని లేబుల్ లేకుండా అమ్మే తాజా చీజ్ జోలికి అయితే ఎవరూ వెళ్ళొద్దు. పచ్చి పాలతో చేసిన చీజ్‌ని అమెరికాలో కనీసం 60 రోజులు మాగపెట్టాకే అమ్మాలని రూల్ ఉంది, తాజా చీజ్ ఆ లెక్కలోకే రాదు.

దూరో బ్లాందో, కేసో సెకో: ఒక్కటే కొనాలంటే వీటిలోంచే

ఫ్రిజ్‌లో ఒక్క రకానికే చోటు ఉందంటే నా ఓటు వీటికే. ఎల్ సాల్వడోర్‌లో దూరో బ్లాందో అంటారు, హోండురాస్, నికరాగువా, గ్వాటెమాలాలో కేసో సెకో అంటారు. రెండూ అచ్చంగా ఒకటి కాదు, సెకో ఇంకొంచెం పొడిగా ఉంటుంది, దూరో బ్లాందోలో నొక్కితే స్పాంజిలా వెనక్కి వచ్చే గుణం, కొరికితే పళ్ళ కింద కీచుమనే శబ్దం ఉంటాయి. కానీ వంటలో ఒకదాని బదులు ఇంకోటి వేస్తే పెద్దగా నష్టం లేదు. హోండురాస్‌లో ఒలాంచో, చొలుతేకా, నికరాగువాలో చొంతాలెస్, బొవాకో, గ్వాటెమాలాలో తూర్పున సకాపా, ఇవన్నీ పశువుల జిల్లాలు, మంచి చీజ్ అక్కడ్నించే వస్తుంది. నికరాగువా బయటి దేశాలకి అమ్మే చీజ్‌ని ఎక్కువగా కొనేది దగ్గర్లోని ఎల్ సాల్వడోర్ వాళ్ళే.

బలెయాదా తీసుకోండి. హోండురాస్ ఉత్తర తీరం వంట, మందపాటి మైదా టోర్టియాని పెనం మీద కాల్చి, మెత్తగా నూరి వేయించిన ఎర్ర బీన్స్ పూసి, పుల్లటి క్రీమ్ వేసి, పైన గట్టి చీజ్ తురిమి సగానికి మడిచేస్తారు, అంతే. అందులో బీన్స్ మెత్తన, క్రీమ్ మెత్తన, టోర్టియా మెత్తన, నోటికి తగిలేది ఒక్క ఆ చీజ్ పలుకే. అక్కడ ఫ్రెస్కో వేస్తే మొత్తం ముద్దే. సెకో వేస్తే ప్రతి ముద్దలో ఒక ఉప్పటి పలుకు దొరుకుతుంది, దాని కోసమే ఆ వంట.

గ్వాటెమాలా తోస్తాదాలు కూడా అంతే, కరకరలాడే టోర్టియా మీద నల్ల బీన్సో టమాటా సాసో వేసి పైన సెకో, కొత్తిమీర లాంటి పార్స్‌లీ. చుచీతో అని చిన్న చిన్న మొక్కజొన్న ఉండలు పొత్తి ఆకుల్లో ఉడికిస్తారు, వాటి మీద కూడా సాస్, ఆపైన ఇదే.

నికరాగువా వాళ్ళ కర్రపెండలం బూరెలు చెప్పకుండా ముందుకి వెళ్ళలేను, ఎందుకంటే తూర్పు గోదావరి వైపు వాళ్ళకి కర్రపెండలం కొత్త కాదు. పచ్చి కర్రపెండలం తొక్క, మధ్యలో నార తీసేసి సన్నగా తురిమి, నీళ్ళు గట్టిగా పిండేసి, దానిలో నాలుగో వంతు సెకో తురిమి, ఒక గుడ్డు కొట్టి కలిపి స్పూన్‌తో నూనెలో వదలాలి. పైన గరగరగా, లోపల జిగురుగా వస్తాయి, వాటిని దాల్చినచెక్క వేసిన బెల్లం పాకంలో ముంచి తింటారు. చీజ్ ఉప్పు, పాకం తీపి రెండూ కలిసి ఆ రుచి నాకు చాలా ఇష్టం. ఇందులో తడి చీజ్ మాత్రం వెయ్యకండి, నూనెలో పేలి చిమ్ముతుంది, ఉండలు విడిపోతాయి. కర్రపెండలం నిండా వేగాలి, పచ్చిగా తినేది కాదు, అందుకే మంట మధ్యస్థంగా పెట్టి ఓపిగ్గా వేయించండి.

దూరో బ్లాందోకి ఇంకో లాభం, ముగ్గిన కూరరటిని ఏటవాలుగా కోసి వేయించి పక్కన నూరిన బీన్స్, క్రీమ్, ఈ చీజ్ ముక్క పెట్టేస్తే సాల్వడోర్ ఇళ్ళలో రాత్రి భోజనం అయిపోయినట్టే. మరీ ఉప్పు అనిపిస్తే ముక్కలు కోసి చల్లటి నీళ్ళలో ఇరవై ముప్పై నిమిషాలు నానబెట్టి తుడిచి వాడండి, ఉప్పు బాగా తగ్గుతుంది.

దూరో వియెహో: వాసన చూసి భయపడకండి

ఇది బాగా మాగి రాయిలా ఎండిన చీజ్. కవర్ విప్పగానే ఘాటైన వాసన వస్తుంది, కొత్తవాళ్ళు పాడైపోయిందేమో అనుకుంటారు. బూజు పట్టి జిగటగా ఉంటే పాడైనట్టు, పొడిగా ఉండి వాసన మాత్రం ఘాటుగా ఉంటే అదే దాని గుణం. దీన్ని ముక్కగా తినడం కష్టమే, సన్నగా తురిమి కొంచెమే వాడాలి. కోస్టారికాలో గ్వానకాస్తె వైపు దొరికే బగాసెస్ చీజ్ కూడా ఈ తరహాదే.

ఎలోతె లోకో అని సాల్వడోర్ జాతరల్లో ఉడికించిన మొక్కజొన్న పొత్తుకి పుల్ల గుచ్చి, మయొనైజ్ పూసి, కెచప్, నల్లటి వూస్టర్ సాస్ పోసి, తురిమిన దూరో చీజ్‌లో దొర్లిస్తారు. చీజ్ ఎంత పొడిగా ఉంటే అంత బాగా అంటుకుంటుంది.

కానీ అసలు దీన్ని కొనాల్సింది కెసదీయా కోసం. మెక్సికో వాళ్ళ కెసదీయా అంటే టోర్టియాలో చీజ్ పెట్టి కాల్చింది, ఎల్ సాల్వడోర్‌లో అదే పేరుతో ఉండేది బియ్యప్పిండి కేక్, పొద్దున కాఫీతో తినేది. మైదా లేదు, మన ఇంట్లో ఎప్పుడూ ఉండే బియ్యప్పిండి. ఒక కప్పు పొడి బియ్యప్పిండి, ముప్పావు కప్పు పంచదార, 100 గ్రాముల వెన్న, మూడు గుడ్లు, అర కప్పు సోర్ క్రీమ్, అర కప్పు పాలు, ఒక స్పూన్ బేకింగ్ పౌడర్, సన్నగా తురిమిన దూరో వియెహో ఒక కప్పు. వెన్న, పంచదార తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కోటి కలిపి, క్రీమ్, పాలు, చీజ్ వేసి చివర్లో పిండి. పైన నువ్వులు చల్లి 175 డిగ్రీల దగ్గర అరగంట పైన, పుల్ల గుచ్చితే పొడిగా వచ్చేదాకా. అరిసెలకి వాడే తడి పిండి వద్దు, నీళ్ళ లెక్క తప్పుతుంది. ఉప్పు చిటికెడు కూడా వెయ్యకండి.

ఇందులో ఫ్రెస్కో వేస్తే ఏమవుతుందంటే, కేక్ మధ్యలో తడిగా కూలిపోతుంది, రుచి మామూలు తియ్యటి కేక్‌లా ఉంటుంది. ఆ ఉప్పు, ఆ ఘాటు ఉంటేనే అది కెసదీయా. గుడ్డు తినని వాళ్ళు దీనికి దూరంగా ఉండటమే మంచిది, బియ్యప్పిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి గుడ్డు లేకపోతే పట్టి ఉంచేది ఏదీ లేదు. వాళ్ళకి పిండిలో చీజ్ కలిపిన టోర్టియాలు, బలెయాదాలు ఉన్నాయి.

మరి పుపూసాకి?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఎల్ సాల్వడోర్ వాళ్ళు 2005లో పుపూసాని జాతీయ వంటగా ప్రకటించుకున్నారు, ప్రతి నవంబర్‌లో రెండో ఆదివారం పుపూసా దినం చేసుకుంటారు. లోపల పెట్టేది మాత్రం ఈ పొడి చీజ్ కాదు, కెసీయో, అంటే సాగే రకం. పొడి చీజ్ ఒక్కటే పెడితే లోపల ఇసకలా ఉంటుంది. కెసీయో ఒక్కటే పెడితే సాగుతుంది కానీ చప్పగా ఉంటుంది. అందుకే మూడు వంతులు కెసీయో, ఒక వంతు తురిమిన దూరో బ్లాందో, దొరికితే లొరోకో అనే తీగ పూల మొగ్గలు, ఇవి చేత్తో పిసికి ముద్దలా చేసుకుని పెట్టండి. కాలేటప్పుడు అంచుల్లోంచి చీజ్ కొంచెం కారి పెనం మీద సుయ్యిమని మాడి బంగారు రంగు పెచ్చు కడుతుంది చూడండి, దాన్ని గీకి పారెయ్యకండి, పుపూసాలో అందరూ కొట్టుకునేది దాని కోసమే.

కెసీయో దొరక్కపోతే తక్కువ తేమ మొజ్జరెల్లా పనికొస్తుంది. నికరాగువా వెళ్ళి కెసీయో అడిగితే మాత్రం టోర్టియాలో చుట్టి ఉల్లిపాయ, క్రీమ్ వేసి చేతికిస్తారు, నగరోతె, లా పాస్ సెంత్రో వైపు రోడ్డు పక్కన అమ్మే టిఫిన్ అది.

శాకాహారులకి ఇంకో మాట. చీజ్ వెజిటేరియన్ అయినంత మాత్రాన పుపూసా వెజిటేరియన్ అనుకోవద్దు, నూరిన బీన్స్‌లో పంది కొవ్వు వెయ్యడం మామూలే, "రెవుయెల్తా" అంటే అందులో పంది మాంసమే ఉంటుంది. చీజ్ లొరోకో పుపూసా అడగండి, బీన్స్ ఉన్నది తినాలంటే మంతేకా, అంటే పంది కొవ్వు, వేశారా అని ముందే అడగండి.

అసలు ఇవేవీ దొరకని చోట

హైదరాబాద్, విజయవాడ, బెంగళూరులో ఉన్నవాళ్ళ కోసం ఇది.

క్వహాదాకి దగ్గరగా రావాలంటే పనీరే దారి, కానీ షాపు పనీర్ మరీ గట్టిగా ఉంటుంది. ఇంట్లో చెయ్యండి, వడగట్టాక బరువు పెట్టకుండా ఒక పావుగంట వేలాడదీసి, పావుకిలోకి ఒక టీస్పూన్ ఉప్పు కలిపి చేత్తో మెత్తగా మెదిపి ఉండ చెయ్యండి. రెన్నెట్ రుచి రాదు కానీ వేడి రొట్టె మీద పెట్టుకుంటే చాలా దగ్గరగా ఉంటుంది.

సెకో, దూరో బ్లాందో బదులు పెద్ద సూపర్ మార్కెట్లలో దొరికే ఫెటా తెచ్చి, ఉప్పునీళ్ళలోంచి తీసి, బట్టలో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఆరనివ్వండి. కొంచెం పులుపు ఎక్కువ ఉంటుంది, బీన్స్‌తో తింటే పెద్ద తేడా తెలియదు, కర్రపెండలం బూరెల్లో మాత్రం ఆ పులుపు తెలుస్తుంది. పనీర్‌ని ఎక్కువ ఉప్పు పట్టించి బరువు కింద పెట్టి ఫ్రిజ్‌లో మూత లేకుండా రెండు రోజులు ఆరబెట్టినా పని నడుస్తుంది.

దూరో వియెహోకి పార్మెజాన్ తరహా చీజ్. అమెరికాలో స్థిరపడ్డ సాల్వడోర్ వాళ్ళే కెసదీయాకి ఇది వాడతారు, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మీజానో రెజ్జానో ఎప్పుడూ దూడ రెన్నెట్‌తోనే చేస్తారు, శాకాహారులు పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్ చూసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి మెక్సికో వాళ్ళ కోతీహా చీజ్ ఇంకా తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. బ్రెడ్ మీద వేసుకునే ప్రాసెస్డ్ క్యూబులు, స్లైసులు మాత్రం వీటిలో దేనికీ పనికిరావు, అవి కరగడానికే తయారుచేసినవి.

మీకు ఏది

కొత్తగా మొదలుపెడుతుంటే దూరో బ్లాందో చిన్న ముక్క కొనండి, అరకిలో వద్దు, పావుకిలో చాలు. కౌంటర్‌లో అడిగితే కొంచెం కోసి రుచికి ఇస్తారు, ఉప్పు అక్కడే తెలిసిపోతుంది.

బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే క్వహాదా గానీ ఫ్రెస్కో గానీ, దూరో రకాలు నానబెట్టినా వాళ్ళకి ఎక్కువే. గర్భిణులకి దీనికి పూర్తిగా రివర్స్, పాశ్చరైజ్డ్ పాలతో చేసి బాగా మాగిన గట్టి రకం, అది కూడా కెసదీయాలోనో రోస్కీయాల్లోనో ఓవెన్‌లో కాలినది అయితే నిశ్చింత. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటే రెండు చిన్న ముక్కలు వేరువేరుగా కొనుక్కోండి, ఒకదానితో సర్దుకుందాం అనుకోవద్దు.

వారానికి ఒక్కసారే షాపుకి వెళ్ళేవాళ్ళు సెకో తెచ్చుకుని ప్లాస్టిక్ తీసేసి బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో పెట్టుకోండి, ప్లాస్టిక్‌లో ఉంటే చెమ్మ పట్టి బూజు వస్తుంది. పిల్లల లంచ్ బాక్స్ కోసమైతే ఫ్రెస్కో. పదిమందిని పిలిచి పుపూసాలు పెడుతున్నారా, కెసీయో ఎక్కువ, దూరో బ్లాందో తక్కువ, ముందు రోజే తురిమి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసుకోండి, చల్లగా ఉంటే పిండిలో పెట్టి మూయడం కూడా తేలిక.